ముందు సీటు ఖాళీ

నాలుగోసారి తొక్కితే బ్రేకు పట్టింది.

పళ్ళాయన ఊపిరి వదిలాడు. ఇంజను ఇంకా స్టార్టు చెయ్యలేదు. గేటు బార్లా తీసి, కారులో కూర్చుని, కుడికాలితో పెడల్‌ని నొక్కి చూస్తున్నాడు. మొదటిసారి అది బురదలో కాలు దిగినట్టు కిందికంటా దిగిపోయింది. రెండోసారి సగం దూరంలో కాస్త బిగిసింది. మూడోసారి ఇంకొంచెం. నాలుగోసారికి పాతరోజుల్లోలాగే పాదానికి ఎదురు నిలబడింది. అంటే నాలుగోసారి దాకా ఓపిక పట్టగలిగినవాళ్ళకు ఈ కారుతో ఏ పేచీ లేదు. ఓపికకేం, తన దగ్గర కావలసినంత ఉందనుకున్నాడు పళ్ళాయన.

ఆ పేరు ఆయనకు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. పళ్ళ డాక్టర్లు తీసిన అచ్చులను ల్యాబుకు, ల్యాబులో తయారైన కట్టుడు పళ్ళను తిరిగి డాక్టర్ల దగ్గరకు చేరవెయ్యడం ఆయన పని. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. ఊళ్ళో ఎన్ని నవ్వులు ఆయన కారు వెనక సీట్లో ప్రయాణం చేశాయో లెక్కలేదు. ఆయన నోట్లో పైవరస కూడా ఆ ల్యాబులో తయారైందే. ఆ సెట్టును కూడా ఆయనే అట్టపెట్టెలో పెట్టుకుని, డాక్టరు దగ్గర సంతకం పెట్టించుకుని మరీ అప్పజెప్పి, తరవాత కుర్చీలో కూర్చుని నోరు తెరిచాడు. ల్యాబులో ఈ ముచ్చట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

కారు దిగి, ముందు సీటు తలుపు తీశాడు. ఆ సీట్లో ఆయన భార్య దిండు ఉంది. ఆమె ముప్పై ఏళ్ళు స్కూలు యూనిఫారాలు కుట్టి కుట్టి నడుము పోగొట్టుకుంది. ఆ దిండు లేకుండా కారులో కూర్చోలేదు. ఆయన పాత ప్యాంటు గుడ్డతోనే కుట్టుకుంది, బూడిద రంగు, ఒక పక్క ప్యాంటు జేబు కూడా అలాగే ఉంచేసింది. "జేబున్న దిండు ఎక్కడైనా ఉందా?" అని ఆయన వెక్కిరిస్తే, "మీ ప్యాంటుకున్నప్పుడు మాత్రం అందులో ఏముందని?" అంది. పిల్లలు లేని ఇల్లు. కారు, దిండు, ఈ చిన్న చిన్న దెప్పిపొడుపులు, ఇవే ఇంట్లో మిగతా మనుషులు.

దిండు తీసుకుని లోపలికి వెళ్ళాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు. ముందు గదిలో కిటికీ పక్కనున్న చెక్క కుర్చీలో దిండు పెట్టి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. దాన్ని దిండు జేబులో లోపలికంటా తోశాడు. కారులో ఉంచితే దారిలో పోలీసులు ఆపినప్పుడు దొరుకుతుంది. ఇంట్లో ఎక్కడ దాచినా ఆవిడ చేతికి దొరుకుతుంది, బీరువా మొదలుకుని బియ్యం డబ్బా దాకా ఆవిడ సర్దని చోటు లేదు. ఈ దిండును మాత్రం ఇంట్లో ఎప్పుడూ వాడదు. అది కారు దిండు.

ఒక్కరోజు. రేపు పొద్దున కొత్త బ్రేకు పైపులు వస్తాయి, మెకానిక్కు గంటలో బిగించేస్తానన్నాడు. ఈ ఒక్కరోజూ కారులో తాను తప్ప ఇంకో ప్రాణి ఎక్కకూడదని పళ్ళాయన నిన్న సాయంత్రమే ఒట్టు పెట్టుకున్నాడు. తనకు తానే వేసుకున్న ఆ ఒట్టుతో మనసు కొంత కుదుటపడింది. తప్పు చేస్తున్నవాడికి తప్పులో ఒక నియమం దొరికితే చాలు, సగం పుణ్యం చేసినట్టే ఉంటుంది.

"వెళ్ళొస్తానే" అని కేకేసి, సమాధానం వినకుండా బయటపడ్డాడు.

నిన్న మధ్యాహ్నం ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్షకు కారును తీసుకెళ్ళాడు. పరీక్ష చేసే ఇన్‌స్పెక్టరు తొమ్మిదేళ్ళుగా అతనే. ఏడాదికోసారి కలిసే చుట్టంలాంటివాడు. కారును రోలర్ల మీదికి ఎక్కించి, చక్రాలు తిరుగుతుండగా బ్రేకు తొక్కమన్నాడు. పళ్ళాయన తొక్కాడు. గోడ మీది మీటరులో ముల్లు కదిలీ కదలనట్టు కదిలి, మళ్ళీ పడుకుంది. ఇన్‌స్పెక్టరు టార్చి పట్టుకుని కారు కింది గోతిలోకి దిగాడు. పైకి వచ్చి తన చూపుడువేలు చూపించాడు. వేలికి ఎర్రటి తుప్పు, దాని మీద నూనె తడి. బ్రేకు పైపులు రెండు పక్కలా తినేసి ఉన్నాయి. హ్యాండ్ బ్రేకు వైరు పోగులు విడిపోయింది. డ్రైవరు సీటు బెల్టు లాగితే పట్టకుండా వచ్చేస్తోంది.

అతను కాగితం మీద ఎర్ర ముద్ర కొట్టి, దాని కింద చేత్తో ఒక మాట రాసి, అది ఆరేదాకా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"దీన్ని ఇంటిక్కూడా తోలకండి బాబాయ్. ఇక్కడే వదిలెయ్యండి. వేరే బండితో లాగించుకెళ్దురుగాని."

"నేను బ్రేకు వాడనయ్యా. కావాలంటే ఎవర్నైనా అడుగు."

"మీరు వాడకపోవచ్చు. మీ ముందు వెళ్ళేవాళ్ళకి ఆ సంగతి తెలీదు కదా."

పళ్ళాయన ఆ మాటను పెడచెవిన పెట్టాడు. బ్రేకు వాడనని ఆయన చెప్పింది గొప్పకు కాదు, నిజమే. కొత్తలో పళ్ళ అచ్చులు సుద్దముక్కల్లా ఉండేవి. కుదుపు తగిలితే కంటికి కనిపించని చీలిక పడేది. ఆ చీలిక మీద తయారైన సెట్టు నోట్లో కుదిరేది కాదు. పాపం ఆ ముసలాయనో ముసలమ్మో మళ్ళీ వచ్చి, మళ్ళీ అచ్చు తీసే ముద్దను కరిచి, మళ్ళీ మూడు వారాలు గంజి తాగాల్సి వచ్చేది. మొదటి నెలలోనే అలా రెండు సెట్లు పోయాక ఆయన బ్రేకు మీద కాలు పెట్టడం మానేశాడు. ముందున్నది ఏదైనా ఇంత దూరాన కనిపించగానే కాలు తీసేసి, గేరు తరవాత గేరు దించుకుంటూ, బండి దానంతటది అలిసి ఆగేలా తోలడం నేర్చుకున్నాడు. పెట్టె మీద నీళ్ళగ్లాసు పెట్టినా తొణకదని ల్యాబులో పందేలు కట్టేవారు. బ్రేకు తొక్కడం చేతకానివాళ్ళ పని అనేవాడు. అలా తొక్కక తొక్కక, ఆ పెడల్ కింద ఏమవుతోందో చూసుకోలేదు. పనితనమే ఆయన కళ్ళకు గంతలు కట్టింది.

ఇన్‌స్పెక్టరు తరవాతి కారు దగ్గరకు వెళ్ళగానే, పళ్ళాయన తన కారును నెమ్మదిగా గేటు దాటించాడు. అద్దంలో చూస్తే అతను గోతి పక్కన నిలబడి, వేలు గుడ్డతో తుడుచుకుంటూ ఇటే చూస్తున్నాడు.

ల్యాబు ఒక పాత మేడ మీద రెండు గదులు. మెట్లు ఎక్కుతుంటేనే ముక్కుకు మైనం వాసన, నాలుక మీద సుద్దపొడి రుచి. లోపల నలుగురు పొడవాటి బల్ల మీదికి వంగి, చిన్న చిన్న మంటల దగ్గర మైనంలో పళ్ళు పేరుస్తుంటారు. వాళ్ళల్లో పెద్దది మైనపావిడ. ముప్పై రెండు పళ్ళను కళ్ళు మూసుకుని పేర్చగలదంటారు. ఆవిడ ఒక పెట్టెను పక్కన పెట్టి ఉంచింది. మిట్ట మీది డాక్టరుకు. ఒక రిటైరైన టీచరమ్మ సెట్టు. రేపు పాత విద్యార్థులందరూ కలిసి ఆమెను సన్మానిస్తున్నారట, నాలుగు మాటలు మాట్లాడాలట, ఈరోజు అందకపోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాలి. పోయినసారి కుదరక తిరిగొచ్చిన సెట్టు అది. పూర్తిగా కొత్తగా చేశానంది మైనపావిడ.

ల్యాబు యజమాని గాజు తలుపు వెనకనుంచి పిలిచాడు. మంచివాడే. మంచివాడు కాబట్టే చెప్పడానికి ఇబ్బంది పడుతున్నాడు. మోటారు సైకిళ్ళ మీద సరుకు చేరవేసే కంపెనీ వాళ్ళు మళ్ళీ వచ్చి వెళ్ళారట. వాళ్ళకు సెలవుల్లేవు, జ్వరాల్లేవు, ఒకడు రాకపోతే ఇంకొకడు వస్తాడు. అయినా మీరుండగా నాకు వాళ్ళెందుకండీ, పంతొమ్మిదేళ్ళలో ఒక్కరోజు మానలేదు మీరు, అన్నాడు. ఆ మాట మెప్పుగా మొదలై పళ్ళాయన చెవిలో పడేసరికి ఇంకోలా మారింది. ఒక్కరోజు. ఆ ఒక్కరోజు వాళ్ళలో ఒకడు ఈ మెట్లెక్కి వస్తే, మర్నాడు తాను ఎక్కనక్కర్లేదు.

"మీ కారు ఫిట్‌నెస్ కాపీ ఒకటి ఫైల్లో పెట్టాలండి. ఈ నెలతో అయిపోతోంది కదా."

"రేపు తెస్తాను సార్."

ఈ మనిషి జీవితంలో పెద్ద పెద్ద అబద్ధాలు ఆడలేదు. చిన్నవి కూడా భార్య దగ్గర తప్ప ఆడలేదు. పెట్టెలు ఎత్తుకుని దిగాడు. వాటిని వెనక సీట్లో పేర్చి, ఎప్పటిలాగే సీటు బెల్టు పెట్టాడు. తన బెల్టు లాగితే లూజుగా ఒళ్ళోకి వచ్చి పడింది. దాన్ని అలాగే బిళ్ళలో గుచ్చుకున్నాడు, చూసేవాళ్ళ కోసం.

పొద్దున పది దాకా ఏమీ కాలేదు. పదింటికి సందు మలుపులో ఒక ముసలాయన సైకిలు నడిపించుకుంటూ అడ్డం వచ్చాడు. క్యారియరు మీద గాజు పలకలు, అంచులకు గుడ్డ చుట్టి తాళ్ళతో కట్టినవి. పళ్ళాయన కాలు తీశాడు, గేరు దించాడు. దూరం చాలదు. బ్రేకు తొక్కాడు. దిగిపోయింది. మళ్ళీ. మళ్ళీ. నాలుగోసారికి పట్టి, సైకిలుకు జానెడు దూరంలో బండి ఆగింది. ముసలాయన తల కూడా తిప్పలేదు. గాజులో పళ్ళాయనకు తన కారు ముఖం కనిపించింది, అది మెల్లగా పక్కకు జరిగిపోయింది.

బండిని పక్కకు తీసి, బానెట్ ఎత్తి బ్రేకు ఆయిల్ డబ్బా చూశాడు. నిండుగా పోసి బయలుదేరింది రెండు గంటల్లో సగానికి పడింది. డిక్కీలోంచి సీసా తీసి పోశాడు. ఆగిన చోటునుంచి వెనక్కి చూస్తే రోడ్డు మీద చిన్న చిన్న చుక్కలు, వరసగా, తాను వచ్చిన దారంతా.

ఆ చుక్కలు చూశాకైనా ఆగి ఉండాల్సింది. ఈ కథ చెప్పేవాళ్ళకు అలాగే అనిపిస్తుంది. కానీ అప్పటికి ఆయన చేతిలో ఇంకా ఆరు పెట్టెలున్నాయి.

రెండో ఆసుపత్రిలో కౌంటరు దగ్గర ఉండే అమ్మాయికి ఎనిమిదో నెల. పెట్టె అందుకుని సంతకం పెట్టి, బ్యాగు భుజాన వేసుకుని నిలబడింది. గురువారం ఆ అమ్మాయికి ఒంటిగంట దాకే డ్యూటీ. రెండు నెలలుగా ప్రతి గురువారం ఆయనే బస్టాండు దగ్గర దింపుతున్నాడు. దారి పొడుగునా పుట్టబోయే బిడ్డకు పేరేం పెట్టాలో ఇద్దరూ వాదించుకునేవారు.

"ఇవాళ కుదరదమ్మా, బండి నిండా పెట్టెలే."

ఆ అమ్మాయి తలుపు అద్దంలోంచి కారు వైపు చూసింది. ముందు సీటు ఖాళీగా ఉంది, దిండు కూడా లేకుండా, మామూలుకన్నా ఖాళీగా. "పర్లేదు బాబాయ్ గారూ" అంది. ఏదో తన వైపు తప్పు జరిగిందేమో అన్నట్టు ముఖం పెట్టింది. ఎండలో గొడుగు లేకుండా, ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని నడిచి వెళుతుంటే పళ్ళాయన స్టీరింగు పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. నిజం చెప్పేస్తే సరిపోయేది. కారులో ఎక్కొద్దమ్మా, దీనికి బ్రేకుల్లేవు అంటే, మరి మీరెందుకు ఎక్కుతున్నారు అని అడుగుతుంది.

మూడింటికి మెకానిక్కు షెడ్డు ముందు ఆగాడు. ఇద్దరి మధ్య ఏ చుట్టరికం లేకపోయినా ముప్పై ఏళ్ళుగా బావా అంటే బావా అనుకుంటారు. మెకానిక్కు కారు కింద పడుకుని చూసి, చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక కూడా ఎప్పటిలా జోకు వెయ్యలేదు. పైపు ఇప్పుడు చెమర్చడం లేదు, కారుతోంది అన్నాడు. తాళాలు ఇక్కడ పెట్టి వెళ్ళమన్నాడు.

"ఒక్క పెట్టె ఉంది బావా. మిట్ట మీద ఇచ్చి, తిన్నగా నీ దగ్గరికే తెస్తా."

"మిట్ట ఎక్కకు. ఆటోలో పో."

"ఎక్కడానికి బ్రేకెందుకురా?"

"ఎక్కినవాడు దిగాలి కదా బావా."

ఆటోలో పోతే పోయేది. ఆయనా అదే అనుకున్నాడు, రోడ్డు దాకా వచ్చి నిలబడ్డాడు కూడా. రెండు ఆటోలు ఆగాయి. కానీ ఆటో కుదుపులకు కొత్త సెట్టు ఏమవుతుందో ఆయనకు తెలుసు. పోయినసారి కుదరక తిరిగొచ్చింది ఇదే. పంతొమ్మిదేళ్ళు చేతికి, కాలికి, నడుముకు పట్టిన అలవాటు అది. పళ్ళు కుదుపు తినకూడదు. తన ప్రాణం సంగతి ఆ లెక్కలోకి రానే లేదు. వెనక్కి వచ్చి కారెక్కాడు. మెకానిక్కు చేతిలో స్పానరుతో అలాగే నిలబడి, కారు మలుపు తిరిగేదాకా చూశాడు.

మిట్ట ఎక్కుతుండగా భార్య దగ్గరనుంచి ఫోను వచ్చింది. గురువారం ఆవిడకు నడుముకు కసరత్తు చేయించే రోజు. అది కూడా ఆ మిట్ట మీదే, పళ్ళ డాక్టరుకు రెండు వీధుల అవతల. అయిదింటికి ఆయన వెళ్ళి ఎక్కించుకోవాలి. బండి పక్కకు ఆపి ఫోను ఎత్తాడు.

తాను ఊరికి ఆ చివరన ఉన్నానని, రావడం కుదరదని, బస్సెక్కి వచ్చెయ్యమని చెప్పాడు. ఆవిడకు బస్సు మెట్లు ఎక్కడం ఎంత కష్టమో ఇద్దరికీ తెలుసు.

"కారుకేమైనా అయిందా?"

"దానికేం, గుండ్రాయిలా ఉంది."

"మరి మీకేమైంది? పొద్దున్నుంచి దొంగకి తేలు కుట్టినట్టున్నారు."

"ఇంటికొచ్చాక మాట్లాడుకుందాంలేవే."

ఆవిడ ఫోను పెట్టేసింది. పెట్టేసిన తీరులోనే రేపటి దాకా సాగే కోపం తెలుస్తోంది. ఆ కోపం ఆయనకు అలవాటే. ఆవిడ మూతి ముడుచుకుంటుంది, ఆయన మంచినీళ్ళ గ్లాసు అందిస్తాడు, ఆవిడ తీసుకోదు, రెండోసారి అందిస్తే తీసుకుంటుంది. పెళ్ళయిన ముప్పై నాలుగేళ్ళుగా గొడవలన్నీ ఆ రెండో గ్లాసు దగ్గరే తీరాయి. ఈ రాత్రి కాగితం తీసి చూపించేస్తానని నిర్ణయించుకున్నాడు. తిడితే తిట్టనీ. ఆ నిర్ణయంతో మనసు తేలికపడింది.

డాక్టరు గదిలో టీచరమ్మ ముందే వచ్చి కూర్చుని ఉంది. పంతొమ్మిదేళ్ళలో ఆయన పెట్టె ఇచ్చి సంతకం తీసుకుని వెళ్ళిపోవడమే తప్ప, పళ్ళు నోట్లోకి వెళ్ళడం ఒక్కసారీ చూడలేదు, తనవి తప్ప. ఇవాళ ఎందుకో కాళ్ళు కదల్లేదు. పని అయిపోయింది కాబట్టి కావచ్చు. దిగాల్సిన రోడ్డు ముందుంది కాబట్టి కావచ్చు. డాక్టరు రండి చూడండి అన్నాడు. చెంపలు లోపలికి పోయిన ఆ ముఖం, సెట్టు పెట్టగానే నిండింది. పదేళ్ళు వెనక్కి వెళ్ళింది. ఆమె అద్దం చూసుకుని, కాసేపు నోరు మూసుకుని, తరవాత తలుపు దగ్గర నిలబడ్డ ఆయన వైపు తిరిగి నవ్వింది. పైవరస, కిందివరస, ఒక్కటి కూడా వంకర లేదు.

"మీరేనా వీటిని జాగ్రత్తగా తెచ్చింది?" అంది. మాట స్పష్టంగా ఉంది. పాఠం చెప్పే గొంతు.

పళ్ళాయనకు కళ్ళు తడి అయ్యాయి. తలూపి, గుమ్మం దగ్గర చెప్పులు రెండుసార్లు తప్పుగా తొడుక్కుని, బయటికి వచ్చాడు. ఇంత మంచి పని తాను రోజూ చేస్తున్నానని ఆయనకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

వీధి చివర బస్‌స్టాపులో ఆయన భార్య నిలబడి ఉంది.

దూరంనుంచే గుర్తుపట్టాడు. ఆకుపచ్చ గొడుగు, ఒక కాలి మీద బరువు వేసి నిలబడే ఆ నిలబడడం. మిట్ట దిగడానికి ఆ స్టాపు ముందునుంచి వెళ్ళే రోడ్డు ఒక్కటే. బస్సు వచ్చి ఆవిడ ఎక్కి వెళ్ళిపోయేదాకా ఆగుదామనుకున్నాడు. అప్పుడు ఆ బస్సు తన ముందు దిగుతుంది. ఇన్‌స్పెక్టరు మాట చెవిలో మళ్ళీ వినిపించింది. ఆవిడ ఎక్కే బస్సు తన ముందు ఉండకూడదు. ముందు తానే దిగాలి. ఆవిడ చూస్తే చూడనీ. రాత్రికి ఎలాగూ చెప్పేస్తున్నాడు.

మొదటి గేరులో స్టాపు ముందుకొచ్చాడు. ఆవిడ చూసింది. ముఖం ఒక్క క్షణం విప్పారింది. వచ్చేశాడే అనుకుని గొడుగు మూస్తూ ఒక అడుగు ముందుకు వేసింది. ఆయన మెడ తిప్పలేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ముందు రోడ్డునే చూస్తూ, ఆవిడను దాటుకుని వెళ్ళిపోయాడు. అద్దంలో, సగం మూసిన గొడుగుతో ఆవిడ అలాగే నిలబడి ఉంది. ఇంత పాపిష్టి పని జీవితంలో చెయ్యలేదనుకున్నాడు. పక్కన ఖాళీ సీటు వైపు చూశాడు. అది ఖాళీగా ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

మొదటి మలుపు బాగానే దిగాడు. ఇంజను గీపెడుతూ బండిని పట్టి ఉంచింది. రెండో మలుపు దగ్గర ఒక్కసారి పెడల్ తొక్కి చూశాడు. దిగిపోయింది. నాలుగుసార్లు తొక్కాడు. అయిదోసారి కూడా కిందే ఉంది. హ్యాండ్ బ్రేకు పైకి లాగితే, లోపల ఏదో టక్కున తెగి, కర్ర తేలిగ్గా చేతిలోకి వచ్చేసింది. ఆ కుదుపులో గేరు జారింది. ఇంజను చప్పుడు తగ్గిపోయి, చక్రాల చప్పుడు మిగిలింది. బండి హాయిగా, తొణక్కుండా, ఆయన ఎప్పుడూ తోలేంత మెత్తగా వేగం అందుకుంది.

కింద నాలుగు రోడ్ల దగ్గర ఎర్ర దీపం. దీపం ముందు స్కూటర్లు, వాటి మీద మనుషులు, అందరూ అటు తిరిగి ఉన్నారు. వీపులు కనిపిస్తున్నాయి. ఒక వీపుకు స్కూలు బ్యాగు, ఇంకో వీపును పట్టుకుని నిద్రపోతున్న పిల్ల. హారన్ కొట్టాడు. ఇద్దరు తల తిప్పారు. ఎడం పక్కన నీళ్ళ ట్యాంకు రాతిగోడ ఉంది. నల్లగా, పాతగా, ఎవరూ ఆనుకుని లేకుండా.

పళ్ళాయన పెద్దగా ఆలోచించలేదు. ముందున్నది దూరంనుంచే చూసి తప్పుకోవడం ఆయనకు పంతొమ్మిదేళ్ళ అలవాటు. స్టీరింగు ఎడమకు తిప్పాడు.

అంతే. వెనక సీట్లో ల్యాబుకు తిరిగి వెళ్ళాల్సిన పెట్టెలున్నాయి, బెల్టు పెట్టుకుని. మర్నాడు మైనపావిడ వాటిని విప్పి చూస్తే, లోపలి అచ్చుల్లో ఒక్కటి కూడా పగల్లేదు.

బస్సు సగం మిట్ట దిగి ఆగింది. కింద దారి మూసేశారని, వెనక వీధిలోంచి తిప్పుకెళ్ళాలని డ్రైవరు చెబితే జనం విసుక్కున్నారు. పళ్ళాయన భార్య దేన్నీ పట్టించుకునే స్థితిలో లేదు. సీటు గట్టిగా ఉంది, నడుము పోటు పెడుతోంది. ఊరికి ఆ చివరన ఉన్నానన్న మనిషి కళ్ళముందే వెళ్ళిపోయాడు. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని వెళ్ళిపోయాడు. ముప్పై నాలుగేళ్ళలో ఆమెకు ఇలాంటి అవమానం జరగలేదు. ఇంటికెళ్ళాక ఏమనాలో మొదటి మాటనుంచి చివరి మాట దాకా పేర్చుకుంటూ కూర్చుంది. ఈసారి రెండో గ్లాసు కూడా తీసుకోకూడదనుకుంది. దారి ఎందుకు మూసేశారో పక్కావిడ చెప్పబోతే, కిటికీ వైపు తిరిగింది.

తాళం తీసి లోపలికి వచ్చేసరికి ఇంట్లో వెలుగు తగ్గింది. ఆయన ఇంకా రాలేదు. లైటు వేస్తే, కిటికీ పక్క కుర్చీలో తన దిండు కనిపించింది. నిలబడిపోయింది. ఇది ఇక్కడికెలా వచ్చింది? తను బస్సులో వస్తుందని, నడుం నొప్పితో వస్తుందని, వచ్చి కూర్చోవడానికని తీసి పెట్టి ఉంటాడు. పొద్దునే అనుకున్నాడన్నమాట. పేర్చుకున్న మాటల్లోంచి రెండు మూడు అక్కడే రాలిపోయాయి. ఎంత కోపమున్నా, ఇటువంటివి గుర్తుంచుకునే మనిషి అని ఆమెకు తెలుసు.

గొడుగు గోడకు ఆనించి, నెమ్మదిగా దిండు మీద కూర్చుంది. వెన్నుకు ఊరట తగిలింది. ఒక పక్కకు ఒత్తిగిలితే లోపల కాగితం చప్పుడైంది.

జేబులో చెయ్యి పెట్టి తీసింది. నాలుగు మడతలు. విప్పింది. కారు నంబరు, నిన్నటి తారీఖు, ఎర్ర ముద్ర. ముద్ర కింద పెన్నుతో ఒక మాట, రెండుసార్లు గీత గీసి: నడపరాదు. రెండోసారి చదివింది. బస్సెక్కమన్నది ఎందుకో, దిండు ఇంట్లో ఎందుకుందో, స్టాపు దగ్గర మెడ ఎందుకు తిప్పలేదో, పక్క సీటు ఎందుకు ఖాళీగా ఉందో, అన్నీ ఒక్కసారే ఆమెకు తెలిసిపోయాయి. దారి ఎందుకు మూసేశారో కూడా.

అప్పుడు గేటు చప్పుడైంది. కారు చప్పుడు కాదు. ఎవరివో బూట్లు, ఇద్దరివి, గుమ్మం దగ్గరకొచ్చి ఆగాయి. ఆమె కాగితం పట్టుకుని లేచి తలుపు దగ్గరకు వెళ్ళింది.

కుర్చీలో బూడిద రంగు దిండు, జేబు బయటికి వచ్చి, ఆమె కూర్చున్న గుంట ఇంకా పూడకుండా, అలాగే ఉంది.